అమ్మ పరగడుపు షుగర్, తమ్ముడి బీ షిఫ్ట్: ఒత్తిడి హార్మోన్లను దారికి తెచ్చుకునే పద్ధతి

ఉదయం ఆరున్నర. రణస్థలం దగ్గర మా ఊళ్లో, అమ్మ వసారాలో పీట మీద కూర్చుని ఎడమచేతి ఉంగరం వేలు చాచింది. సూది గుచ్చగానే వచ్చిన చుక్కను స్ట్రిప్ పీల్చుకుంది. ఐదు సెకన్లు. 158.

"ఏటి తిన్నానే నాను? రాత్రి రెండు రొట్టెలే కదా!" అంది. తప్పు చేసి దొరికిపోయినట్టు ఉంది ఆ గొంతు. అలా ఉండటానికి కారణం నేనే. అంతకుముందు ఆరు నెలల పాటు, శ్రీకాకుళం నుంచి వెళ్లిన ప్రతి ఆదివారం "ఏం తిన్నావమ్మా" అనే అడిగాను. ఎలా పడుకున్నావని ఒక్కసారీ అడగలేదు.

ఆ దసరా సెలవుల్లో పది రోజులు అక్కడే ఉండి నోట్‌బుక్కులో అన్నీ రాశాను. మా తమ్ముడు పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. బీ షిఫ్ట్ వారం రాత్రి పదికి వదులుతారు. బస్సు మా మలుపులో దించేసరికి పదకొండు దాటుతుంది. అమ్మ అప్పటిదాకా వీధిలైటు వైపు చూస్తూ కూర్చుంటుంది. వాడికి అన్నం పెట్టి, గిన్నెలు కడిగి, నడుం వాల్చేసరికి పన్నెండున్నర. నాలుగున్నరకు లేచి కళ్లాపి చల్లడం ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు. అంటే నాలుగు గంటల నిద్ర. ఆ ఆరు రోజులూ పరగడుపు షుగర్ 150కి అటూ ఇటూగా ఉంది. తర్వాత వాడికి జనరల్ షిఫ్ట్ పడింది. అమ్మ తొమ్మిదిన్నరకే పడుకుంది. నాలుగో రోజుకు 134. తిండి అదే, మాత్రలు అవే.

ఒక ఇంటి లెక్కను రుజువు అనలేం. కానీ ఈ సంగతి శాస్త్రానికి కొత్త కాదు. 1999లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువకులను వరసగా ఆరు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. గ్లూకోజ్‌ను వాడుకునే శక్తి వాళ్లలో తగ్గింది, సాయంత్రం పూట కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగింది. వాళ్లు మా అమ్మ కంటే ఎంతో చిన్నవాళ్లు, షుగర్ లేనివాళ్లు.

షుగర్ ఉన్నవాళ్లకు, షుగర్ అంచున ఉన్నవాళ్లకు, పొట్టా బీపీ పెరుగుతున్నవాళ్లకు, వాళ్లను చూసుకునే ఇంట్లోవాళ్లకు ఇది రాస్తున్నాను. ఇందులో ఏదీ డాక్టరు ఇచ్చిన మందుకు బదులు కాదు.

ముందుగా, ఒంట్లో జరిగేది

రెండు కిడ్నీల మీద టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులుంటాయి. ఉద్దానం జీడితోటలో ఎలుగుబంటి ఎదురైందనుకోండి. ఆ గ్రంథుల లోపలి భాగం క్షణాల్లో అడ్రినలిన్ వదులుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఆ వెనకే మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి అడ్రినల్ పైపొరకు కబురు వెళ్తుంది. అప్పుడు కార్టిసాల్ వస్తుంది. ఇది నిమిషాల మీద పెరిగి, గంటల తరబడి పనిచేస్తుంది.

మన కాలేయం ధాన్యం గాదె లాంటిది. అందులో సుమారు 100 గ్రాముల చక్కెర గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. అడ్రినలిన్ వచ్చి గాదె తలుపు తీస్తుంది. కార్టిసాల్ ఇంకో అడుగు ముందుకు వేసి, కండలోని ప్రొటీన్‌ను కరిగించి కాలేయం చేత కొత్త చక్కెర తయారు చేయిస్తుంది. పైగా కండలు, కొవ్వు కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినకుండా చేస్తుంది. చక్కెర నెత్తుట్లోనే ఉండాలి, పరుగెత్తే కాళ్లకూ ఆలోచించే మెదడుకూ అందాలి, అదీ దాని ఉద్దేశం. ఎలుగుబంటి నుంచి తప్పించుకునేవాడికి ఇదంతా మేలే.

మనకు ఎదురయ్యేవి అప్పు వాయిదాలు, పిల్లల ఫీజులు, కోతకొచ్చిన వరి మీద వాన, అర్ధరాత్రి మోగే ఫోను. వీటి నుంచి పరుగెత్తి తప్పించుకోలేం. గాదె తలుపు తెరుచుకుంటుంది గానీ కాళ్లు కదలవు. క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ పోస్తుంది. కార్టిసాల్, ఇన్సులిన్ రెండూ చాలాకాలం ఎక్కువగా ఉంటే కొవ్వు పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరుతుంది. ఎందుకంటే అక్కడి కొవ్వులో కార్టిసాల్‌ను అందుకునే గ్రాహకాలు ఎక్కువ. ఆ కొవ్వు వల్ల ఒళ్లు ఇన్సులిన్‌కు మరింత మొండికేస్తుంది. ఇదొక గానుగ. ఒకసారి తిరగడం మొదలైతే దానంతట అదే తిరుగుతుంది.

ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. కార్టిసాల్ శత్రువు కాదు, అది లేకపోతే బతకలేం. దానికో రోజువారీ లయ ఉంది. అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తగ్గి, తెల్లవారుజామున పెరుగుతూ, నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు పైకి చేరుతుంది. అందుకే రాత్రి తక్కువ తిన్నా కొందరికి పొద్దున షుగర్ ఎక్కువ ఉంటుంది. మనం చేయగలిగింది ఆ లయను కాపాడటం.

1. రెండు వారాలు రాయండి, ఏమీ మార్చకండి

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకుని రోజుకు ఐదు సంగతులు రాయండి: పడుకున్న టైము, లేచిన టైము, పరగడుపు షుగర్, రాత్రి భోజనం టైము, ఆ రోజు మనసును నలిపింది ఏమైనా ఉంటే ఒక్క ముక్క. "చిట్టీ డబ్బులు", "తమ్ముడు లేటు" లాంటి రెండు మాటలు చాలు. బీపీ మిషన్ ఉంటే వారానికి రెండుసార్లు చూడండి.

గ్లూకోమీటర్ అంకె అటూ ఇటూ 15 శాతం దాకా తేడా చూపించవచ్చు. నిన్న 128, ఇవాళ 139 అని కంగారు పడొద్దు. వారం సగటు చూడండి.

పొద్దున షుగర్ ఎందుకు ఎక్కువగా ఉందో తేల్చుకోవాలంటే ఒకటి రెండు రాత్రులు మూడుసార్లు చూడాలి: పడుకునే ముందు, మూడు గంటలకు, లేవగానే. పడుకునేటప్పుడే ఎక్కువ ఉంటే రాత్రి భోజనం వైపు చూడండి. అప్పుడు బాగుండి, మూడింటికీ బాగుండి, పొద్దున పెరిగితే అది తెల్లవారుజాము హార్మోన్ల పని. అమ్మకు 131, 128, 157 వచ్చింది. మూడింటికి 70 కంటే తక్కువ ఉంటే మాత్రం మందు డోసు ఎక్కువైందేమో చూడాలి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. రోజూ మూడింటికి లేపకండి, ఆ లేపడమే నిద్ర చెడగొడుతుంది.

నడుం కొలత మానొద్దు. దర్జీ టేపు తీసుకుని, కింది పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు మధ్యలో, ఊపిరి వదిలాక చర్మం మీద కొలవండి. మనవాళ్లకు మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 దాటితే జాగ్రత్త పడాలి. చీర కట్టు మీద, లుంగీ ముడి మీద కొలిస్తే లెక్క తప్పుతుంది.

ల్యాబ్‌లో పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్), ట్రైగ్లిజరైడ్లు (నెత్తుట్లోని కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) చేయించండి. పరగడుపు షుగర్ 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే అంచున ఉన్నట్టు. 126, 6.5 లేదా అంతకు మించి ఉంటే షుగర్ వ్యాధి కిందకు వస్తుంది, మరో పరీక్షతో ఖరారు చేసుకోవాలి. సీతంపేట, పార్వతీపురం వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు కనిపిస్తుంది. అది ఉన్నవారిలో, రక్తహీనత బాగా ఉన్నవారిలో, డయాలసిస్‌లో ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు. వాళ్లు డాక్టరుకు ఆ మాట ముందే చెప్పాలి.

"టెన్షన్ ఎక్కువగా ఉంది, కార్టిసాల్ టెస్ట్ చేయించుకుంటాను" అని చాలామంది అడుగుతుంటారు. డబ్బు దండగ. పూటకో రకంగా మారే హార్మోన్‌ను ఒక్కసారి చూసి ఒత్తిడి ఎంతో చెప్పలేరు. ఆ పరీక్షలు కుషింగ్ (కార్టిసాల్ మరీ ఎక్కువవడం), అడిసన్ (మరీ తక్కువవడం) లాంటి అసలు జబ్బులను పట్టుకోవడానికి. "అడ్రినల్ అలసట" పేరుతో అమ్మే పొడులకూ దూరంగా ఉండండి. హార్మోన్ల వైద్యులు అలాంటి జబ్బును గుర్తించలేదు. అశ్వగంధ కూడా అందరికీ సరిపడదు. అరుదుగానైనా కొందరిలో లివర్ దెబ్బతింది. థైరాయిడ్ మందు వాడేవాళ్లు అడగకుండా మొదలుపెట్టొద్దు.

2. మందుల సంచి బోర్లించండి

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మెట్టు ఇది.

కార్టిసాల్‌కు దగ్గరి చుట్టాలైన మందులున్నాయి. వాటినే స్టెరాయిడ్లంటాం. కీళ్లవాతం రోగికి కార్టిసోన్‌ను మొదట 1948లో ఇచ్చారు. మంచం దిగలేనివాళ్లు లేచి నడిచారు. 1950లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. ఉబ్బసానికి, కొన్ని కీళ్ల జబ్బులకు, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి అవి ఇప్పటికీ ప్రాణదాతలే. చిక్కల్లా ఏ జబ్బుకు ఇస్తున్నారో, ఎన్నాళ్లు వాడాలో చెప్పకుండా ఇచ్చే స్టెరాయిడ్లతోనే.

రెండేళ్ల క్రితం అమ్మకు మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఒకాయన వారానికో సూది వేసేవాడు, పొట్లంలో తెల్ల మాత్రలు కట్టి ఇచ్చేవాడు. మర్నాటికే నొప్పి మాయం. "ఆయన చెయ్యి మంచిది" అనేది అమ్మ. మూడు నెలల్లో ముఖం గుండ్రమైంది, షుగర్ 240 అయింది. అట్ట లేని మాత్రలు కాబట్టి నేనూ పోల్చుకోలేకపోయాను. ఆ పొట్లం పట్టుకుని ఆసుపత్రికి వెళ్తేగానీ సంగతి బయటపడలేదు.

కాబట్టి ఇంట్లో ఉన్న మందులన్నీ మంచం మీద పోయండి. అట్టల మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, మిథైల్‌ప్రెడ్నిసోలోన్ అని ఉన్నాయేమో చూడండి. పేరు లేని మాత్రలు, "నొప్పికి పసరు" అని ఇచ్చిన పొడులు విడిగా పెట్టండి. చర్మం తెల్లబడటానికి రాసే క్రీముల్లోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు. అన్నీ డాక్టరు ముందు పెట్టండి.

కనబడగానే ఆపేయకండి. కొన్ని వారాలు బయటి నుంచి స్టెరాయిడ్ అందితే సొంత అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయి. ఉన్నట్టుండి ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావడం కూడా జరగొచ్చు. మెల్లగా తగ్గించాలి, ఆ పని డాక్టరు చేతిలోనే జరగాలి. ఉబ్బసానికి పీల్చే ఇన్‌హేలర్‌ను కూడా భయపడి మానేయొద్దు. అందులో డోసు చాలా తక్కువ.

3. రాత్రిని చక్కదిద్దండి

"ఎనిమిది గంటలు పడుకోండి" అని చెప్పడం తేలిక. నిద్రను ఎవరు దొంగిలిస్తున్నారో ముందు చూడాలి. మా ఇంట్లో అది తమ్ముడి షిఫ్ట్. మీ ఇంట్లో ఫోను కావచ్చు, గురక కావచ్చు, రాత్రి మూడుసార్లు మూత్రానికి లేవడం కావచ్చు. పెద్ద గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయితే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. ఒంట్లో ప్రాణవాయువు తగ్గిన ప్రతిసారీ అడ్రినలిన్ ఎగదన్నుతుంది, బీపీ, షుగర్ రెండూ లొంగవు. దానికి పరీక్ష, చికిత్స ఉన్నాయి.

లేచే టైమును ముందు ఖాయం చేయండి, పడుకునే టైము దానంతట అదే సర్దుకుంటుంది. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు ముగించండి. అదే అన్నం మధ్యాహ్నం తిన్నప్పటికంటే రాత్రి పొద్దుపోయాక తింటే షుగర్ ఎక్కువ పెరుగుతుంది. టీలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదు గంటలు పడుతుంది, కాబట్టి నాలుగు దాటాక టీ వద్దు. మద్యం తాగితే నిద్ర పడుతుందనుకునేవాళ్లు మూడింటికి ఎందుకు మెలకువ వస్తోందో ఒకసారి గమనించుకోవాలి.

పైడిభీమవరం కంపెనీల్లో, జూట్ మిల్లుల్లో రాత్రి షిఫ్టులు చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్ల ఒంట్లో గడియారం ఒకటి చెబుతుంది, పంచింగ్ మిషన్ ఇంకొకటి చెబుతుంది. షిఫ్టుకు బయల్దేరేముందే కడుపునిండా తినండి. రెండు గంటలకు క్యాంటీన్‌లో పళ్లెం నిండా అన్నం బదులు మజ్జిగ, వేయించిన శనగలు, గుడ్డు లాంటిది తీసుకోండి. మీది తిరగబడే షిఫ్ట్ అయితే సూపర్‌వైజర్‌ను ఒక్క మాట అడిగి చూడండి: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలో తిప్పితే ఒళ్లు తేలికగా అలవాటు పడుతుంది. ఇంటికొచ్చాక గది చీకటి చేయండి, కిటికీకి నల్ల దుప్పటి కట్టినా సరే. ఇంట్లోవాళ్లకు నా వినతి ఒక్కటే, ఆ నిద్రను పగటి కునుకు అనుకోకండి. అది వాళ్లకు రాత్రి.

4. పొద్దుటి వెలుగు

లేచిన గంటలోపు ఇరవై, ముప్పై నిమిషాలు ఆరుబయట ఉండండి. ట్యూబ్‌లైటు కింద వెలుగు కొన్ని వందల లక్సులే (లక్స్ అంటే వెలుగు కొలత), బయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. మెదడులోని గడియారం ఆ తేడాను బట్టే కార్టిసాల్‌కు ఇది పొద్దు అని, పద్నాలుగు, పదిహేను గంటల తర్వాత నిద్రకు ఇది రాత్రి అని చెబుతుంది. అరసవల్లి సూర్యుడికి దండం పెట్టే ఊరివాళ్లం, మనకు వేరే చెప్పక్కర్లేదు. పశువుల పాక దగ్గరైనా, డాబా మీదైనా, విజయనగరంలో పెద్ద చెరువు గట్టునైనా సరే. సూర్యుణ్ణి తేరిపార చూడకండి, అంతే.

5. తిన్న వెంటనే పది నిమిషాలు

కదిలే కండ ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరను లోపలికి లాక్కుంటుంది. కార్టిసాల్ వేసిన అడ్డంకిని దాటడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనబడలేదు. మూడు పూటలా తిన్నాక పది, పదిహేను నిమిషాల నడక చాలు. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం దాకా వెళ్లనవసరం లేదు, వీధి చివరి వరకు వెళ్లి రండి. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడను నెట్టడం చేయండి. కార్టిసాల్ కండను తినేస్తుంది, ఇది కండను తిరిగి కడుతుంది.

"నేను రోజంతా పొలంలోనే కదా" అనే రైతుకు నడక చెప్పడం న్యాయం కాదు. ఆయనకు కావలసింది నీడ, నీళ్లు, మధ్యాహ్నం కాస్త విశ్రాంతి.

6. తిండి గురించి కొద్దిగా

దీని గురించి అందరూ చెబుతారు కనుక క్లుప్తంగా ముగిస్తాను. పొద్దున టీ, బిస్కెట్లతో పదకొండు దాకా నెట్టుకురాకండి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ చోళ్లలోనూ పిండిపదార్థం ఎక్కువే. పల్చగా, ఒక గ్లాసు, పక్కన ఉడికించిన గుడ్డో ఉలవ గుగ్గిళ్లో పెట్టుకోండి. భోజనంలో కూర, పప్పు, చేప ముందు తిని, అన్నం తర్వాత తినండి. దిగులుగా ఉన్న రోజు చేయి తీపి వైపే వెళ్తుంది. కార్టిసాల్ ఆకలిని పెంచడం వల్ల వచ్చే కోరిక అది, అందుకు ఎవరినీ తిట్టకండి.

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ, కాబట్టి అక్కడివారికి ఒక హెచ్చరిక. క్రియాటినిన్ చూపించుకోకుండా ప్రొటీన్ పొడులు మొదలుపెట్టొద్దు, నొప్పి మాత్రలు మింగొద్దు. షుగర్ మాత్రల డోసు కూడా కిడ్నీ పనితీరును బట్టి మారుతుంది.

7. ఊపిరి, మాట

నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు ఊపిరులవుతాయి. ఐదు నిమిషాలు చేస్తే గుండె దడ తగ్గుతుంది. షుగర్ అంకె దీనితోనే దిగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. పడుకునే ముందు అడ్రినలిన్‌ను నెమ్మదింపజేయడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

అసలు కారణం అప్పయితే ఊపిరి సరిపోదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో దశాబ్దాల కొబ్బరి, జీడి చెట్లు కూలిపోయాయి. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఆ ఇళ్లలో ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిచి ఉంటాయి! అలాంటి బరువును ఒక్కరే మోయకూడదు. లెక్కలన్నీ కాగితం మీద పెట్టి ఇంట్లో ఇద్దరు కలిసి చూడండి. దిగులు రెండు వారాలు దాటినా, బతకాలనిపించకపోయినా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ సేవ. డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడతారు.

8. ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

షుగర్ మందు వాడేవాళ్లకు చెమట, వణుకు, దడ వస్తే "టెన్షన్‌లే" అనుకోకండి. షుగర్ పడిపోయినప్పుడు అడ్రినలిన్ చేసే గొడవా అచ్చం అలాగే ఉంటుంది. వెంటనే చూడండి. 70 కంటే తక్కువైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడండి. షుగర్ పెరగకపోయినా, మనిషి మాట తడబడినా ఆసుపత్రికి పరుగెత్తాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. ఛాతీ నొప్పితో వచ్చే చెమటైతే 108.

జ్వరం వచ్చినా, పుండు చీము పట్టినా ఒత్తిడి హార్మోన్లు పెరిగి షుగర్ ఎగబాకుతుంది. సరిగా తినడం లేదని ఇన్సులిన్ మానేయకండి, డాక్టరును అడిగి డోసు మార్చుకోండి. ఏ స్టెరాయిడ్ వాడకుండానే ముఖం గుండ్రమై, పొట్ట మీద ఊదారంగు చారలు వచ్చి, చిన్న దెబ్బకే చర్మం కమిలి, కూర్చున్న చోటి నుంచి లేవడం కష్టమైతే అది కుషింగ్ జబ్బేమో చూడాలి. అరుదైనదే కానీ చికిత్స ఉంది.

హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారే చూడండి, అంతకు ముందు చూస్తే పాత లెక్కే కనబడుతుంది.

మా ఇంట్లో మార్చింది చాలా చిన్నది. తమ్ముడికి తాళంచెవి ఒకటి చేయించాం, అన్నం, కూర హాట్‌బాక్సులో పెట్టి టేబుల్ మీద ఉంచుతాం. మొదటి వారం అమ్మ ఒప్పుకోలేదు. "ఓలమ్మో, పిల్లడు చల్లన్నం తింటాడా" అని మంచం మీద అటూ ఇటూ దొర్లింది. వాడు బస్సు దిగగానే నాకు మెసేజ్ పెట్టాలని, పొద్దున లేవగానే అమ్మకు నేను చెప్పాలని మాట అనుకున్నాం. ఇప్పుడు అమ్మ పదింటికి దీపం ఆర్పేస్తుంది. నిన్న పొద్దున ఫోన్ చేసి ముందు వాడు ఎన్నింటికొచ్చాడని అడిగింది, తర్వాత 127 అని చెప్పింది.